పండుగల సామాన్లకు ఒక గట్టి ర్యాక్: మన చేతులతో మనమే



సంక్రాంతికి ముగ్గుల రంగులు, ఉగాదికి తోరణాలు, వినాయక చవితికి మట్టి, దసరాకు కొలువు మెట్ల మీద పరిచే గుడ్డలు, బతుకమ్మకు పళ్ళేలు, దీపావళికి ప్రమిదలు. మధ్యలో పిల్లల తరగతుల కోసం కత్తెరలు, జిగురు, పూసలు, రంగు కాగితాలు. చేతిపని లేని పండుగ మనకు లేదు. ఊళ్ళో ఉన్నప్పుడు ఇవన్నీ పండుగ ముందు రోజు బజారులో దొరికేవి, మిగిలినవి అటకెక్కేవి. ఇక్కడ ప్లేనోలో అవసరానికి పరుగెత్తి తెచ్చుకునే వీధి చివరి కొట్టు లేదు. అందుకే అందరం దాచుకుంటాం. అట్టపెట్టెల మీద అట్టపెట్టెలు గరాజ్‌లో పేరుకుపోతాయి.

అయితే దాచుకోవడం వేరు, కావలసినప్పుడు దొరకడం వేరు. పెట్టె అడుగున ఉన్న వస్తువు దొరక్క మళ్ళీ కొంటాం. ఇంట్లో అయితే అది మన డబ్బు, గుడిలో అయితే భక్తులు ఇచ్చిన డబ్బు. పైగా గుడిలో ఇంకో చిక్కు ఉంది. ఏ పెట్టెలో ఏముందో సాధారణంగా ఒక్క ఆంటీకే తెలుస్తుంది. ఆవిడ మూడు నెలలు ఇండియా వెళితే, మిగతా వాలంటీర్లు పెట్టెలు విప్పుకుంటూ కూర్చోవాలి. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో దీన్ని పెద్ద ప్రమాదంగా చూస్తాం. ముఖ్యమైన సమాచారం ఒక్కరి తలలోనే ఉంటే ఆ వ్యవస్థ ఒక్కరి మీదే నిలబడినట్టు.

మంచి ర్యాక్ ఈ రెండు చిక్కులనూ తీరుస్తుంది. దుకాణంలో ప్లాస్టిక్‌వీ, తీగవీ దొరుకుతాయి కానీ అవి మన సామాను కొలతలకు చేసినవి కావు. మట్టి, రంగుల బరువుకు కొన్ని వంగిపోతాయి. ఇద్దరు కలిసి ఒక శనివారం కేటాయిస్తే ఇంతకన్నా గట్టిది చేసుకోవచ్చు. వడ్రంగం రానివారి కోసమే ఈ వ్యాసం. రంపం పని చాలావరకు దుకాణం వాళ్ళ చేతే చేయించుకునేలా కొలతలు వేశాను.

ముందు సామాను, తర్వాత చెక్క

చెక్క కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఉన్న సామాను అంతా నేల మీద పరవండి. విరిగినవి, ఎండిపోయినవి, మూత పోయినవి పక్కన పెట్టండి. మిగిలినవాటిని నాలుగు గుంపులు చేయండి.

1. బరువైనవి: మట్టి, ముగ్గు రంగులు, కాగితాల కట్టలు, ఇత్తడి కుందులు.
2. చిన్నవి, ఎక్కువగా వాడేవి: కత్తెరలు, జిగురు, పూసలు, దారం, కుంచెలు, అద్దాలు.
3. తేలికైనవి, పెద్దవి: గుడ్డపూల దండలు, థర్మోకోల్, కొలువు గుడ్డలు.
4. పొడుగైనవి: బ్యానర్లు, తెర కట్టే పైపులు, పాలవెల్లి చట్రం.

బరువు దగ్గర మన అంచనా తరచూ తప్పుతుంది కాబట్టి కొన్ని లెక్కలు చెబుతాను. పొడి ఇసుక ఘనపు అడుగుకు సుమారు 100 పౌన్లు తూగుతుంది. ఇసుకతో చేసిన ముగ్గు రంగు ఒక గ్యాలన్ డబ్బా నిండా ఉంటే 13 పౌన్లు, 5 గ్యాలన్ల బకెట్ అయితే 65 పౌన్ల పైమాటే. 500 మామూలు కాగితాల కట్ట 5 పౌన్లు, పది కట్టల పెట్టె 50 పౌన్లు. కుమ్మరి మట్టి ఇక్కడ సాధారణంగా 25 పౌన్ల సంచుల్లో అమ్ముతారు. 40 మంది పిల్లలు తలా ఒక పౌను మట్టితో వినాయకుణ్ణి చేయాలంటే రెండు సంచులు కావాలి. ఇవన్నీ ఒకే అర మీదికి చేరితే 200 పౌన్లు దాటడం తేలికే.

తర్వాత డబ్బాలు ఎంచుకోండి. మూత ఉన్న, లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బాలు మంచివి. చెప్పుల జత పట్టే సైజు డబ్బా సుమారు 14 అంగుళాల పొడవు, 8 అంగుళాల పైచిలుకు వెడల్పు, 5 అంగుళాల ఎత్తు ఉంటుంది. అన్నీ ఒకే సైజువి కొనండి, మూతలు కలగలిసినా ఇబ్బంది ఉండదు. అట్టపెట్టెలు మాత్రం వద్దు. బొద్దింకలకు, కాగితం తినే పురుగులకు అవే ఇల్లు. బియ్యప్పిండి ముగ్గు వాడేవారు దాన్ని గట్టి మూత డబ్బాలోనే పెట్టాలి.

ఎక్కడ పెట్టాలి

అందరికీ మొదట తట్టేది గరాజ్. కత్తెరలు, పైపులు, ఇసుక రంగులు అక్కడ ఉన్నా ఫరవాలేదు. కానీ మన వేసవిలో బయటే 100 డిగ్రీలు దాటుతుంది. మూసిన గరాజ్ కూడా బాగా వేడెక్కుతుంది, ఆటిక్ అంతకన్నా ఎక్కువ. చలి కూడా తక్కువేమీ కాదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి ఇళ్ళలో పైపులు గడ్డకట్టడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీళ్ళతో చేసిన రంగులు, తెల్ల జిగురు ఒకసారి గడ్డకడితే విరిగిన పాలలా ముద్దకట్టి, మళ్ళీ పనికి రాకపోవచ్చు. కాబట్టి రంగులు, జిగురు, మట్టి, బొమ్మలు ఇంటి లోపల క్లోజెట్‌లోనో, లాండ్రీ గదిలోనో ఉండాలి.

గరాజ్‌లో పెట్టేవారు ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. కరెంటు ప్యానెల్ ముందు కనీసం 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు ఖాళీ వదలాలని విద్యుత్ నియమావళి చెబుతుంది. గ్యాస్ వాటర్ హీటర్ పక్కన కాగితం, గుడ్డ, థర్మోకోల్ పెట్టకూడదు.

ఆలయ గదుల్లో కప్పుకు స్ప్రింక్లర్లు ఉంటే, వాటి అడుగు నుంచి కిందికి 18 అంగుళాల మేర ఏ సామానూ ఉండకూడదు. అగ్నిప్రమాదం జరిగితే నీళ్ళు గది అంతా విచ్చుకుని పడడానికే ఆ నియమం. మన ర్యాక్ ఎత్తు 6 అడుగులు. కప్పు 8 అడుగుల ఎత్తులో ఉంటే పైన మిగిలేది 2 అడుగులు. అందులో 18 అంగుళాలు వదిలితే, పై అర మీద అర అడుగు కూడా మిగలదు. అలాంటి గదిలో పై అరను ఖాళీగా ఉంచండి, లేదా ర్యాక్‌నే ఒక అర తగ్గించి చేయండి.

కొనవలసినవి

- 3/4 అంగుళం ప్లైవుడ్ షీట్, 4 అడుగులు × 8 అడుగులు: ఒకటి
- 8 అడుగుల టూ బై ఫోర్ కర్రలు: 11
- 3 అంగుళాల చెక్క స్క్రూలు: 60
- 2 1/2 అంగుళాల స్క్రూలు: 70
- 1 5/8 అంగుళాల స్క్రూలు: 50
- గోడకు బిగించడానికి 4 అంగుళాల నిర్మాణపు స్క్రూలు: అరడజను
- 120 నంబరు గరుకు కాగితం

డ్రిల్, టేపు, మూలమట్టం, లెవెల్ మీ దగ్గర లేకపోతే ఎవరినైనా అడగండి. మన సభ్యుల గరాజ్‌లలో ఇవి కనీసం పది సెట్లు ఉంటాయి. కళ్ళద్దాలు, దుమ్ము మాస్కు మాత్రం ఎవరివి వారికి ఉండాలి.

పేరు టూ బై ఫోర్ అయినా, కర్ర అసలు కొలత 1 1/2 × 3 1/2 అంగుళాలు. చిత్రిక పట్టాక మిగిలేది అంతే. 3/4 అంగుళం ప్లైవుడ్ కూడా నిజానికి పిసరు తక్కువే ఉంటుంది. కొత్తవాళ్ళ లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. డ్రైవాల్ స్క్రూలు చౌక కదా అని కొనకండి. అవి పెళుసు, బరువు పడితే పుటుక్కున విరుగుతాయి.

కర్ర ఎంచేటప్పుడు ఒక కొస కంటి దగ్గర పెట్టుకుని పొడుగునా చూడండి. మెలి తిరిగినవి, వంగినవి వదిలేయండి.

కోతలు

హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాల్లో చాలాచోట్ల కొన్న ప్లైవుడ్‌ను కోసి ఇస్తారు. ముందు 4 అడుగుల వైపును 47 3/4 అంగుళాలకు తగ్గించమనండి. తర్వాత షీటును అడ్డంగా 15 7/8 అంగుళాల చొప్పున కోయమనండి. ఆరు ముక్కలు వస్తాయి.

నిండుగా 16 ఎందుకు అడగలేదంటే, రంపం ప్రతి కోతకూ సుమారు 1/8 అంగుళం పొట్టు చేస్తుంది. 96 అంగుళాల షీటును 16 చొప్పున కోస్తూ పోతే ఐదు కోతల్లో 5/8 అంగుళం పోయి, చివరి ముక్క 15 3/8 దగ్గర ఆగుతుంది. ముందే ఆ వాటా తీసేస్తే ఆరూ సమానంగా వస్తాయి. దుకాణం కోత వెంట్రుకవాసి కచ్చితంగా ఉండదు కాబట్టి ముక్కలను మళ్ళీ కొలిచి, కర్రలను ఆ కొలతకు సరిపోయేలా కోసుకోండి.

కర్రలు ఇలా:

- నిలువు కాళ్ళు, 72 అంగుళాలవి: 4. నాలుగు కర్రలు.
- పొడుగు పట్టీలు, 47 3/4 అంగుళాలవి: 10. ఐదు కర్రలు.
- అడ్డపట్టీలు, 12 7/8 అంగుళాలవి: 15. కాళ్ళు కోయగా మిగిలిన ముక్కల్లో 4 వస్తాయి, మిగతా 11 మరో రెండు కర్రల్లో.
- చిన్న దిమ్మలు, 4 అంగుళాలవి: 4. చివరి కర్రలో మిగిలిన దాంట్లోంచి.

మొత్తం 11 కర్రలు.

బిగింపు

ఒకటి. ఒక్కో అరకు ఒక చట్రం చేయాలి. రెండు పొడుగు పట్టీల మధ్య మూడు అడ్డపట్టీలు, రెండు కొసల్లో రెండు, నడిమధ్య ఒకటి. పట్టీలన్నీ సన్నటి అంచు మీద నిలబడాలి, 3 1/2 అంగుళాల ఎత్తు పైకి ఉండాలి. ఒక్కో అతుకుకు రెండు 3 అంగుళాల స్క్రూలు. స్క్రూకు ముందు సన్నటి రంధ్రం పెడితే కర్ర చీలదు. బిగించాక మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే చట్రం మూలమట్టంగా ఉన్నట్టే. ఇలా ఐదు.

పట్టీలు నిలబెట్టి వేయడానికి కారణం ఉంది. వంపును ఆపే శక్తి ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు రెండింతలైతే బిగువు ఎనిమిదింతలు. అలాగే అదే బరువుకు పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు. అందుకే కింద పట్టీ లేని 4 అడుగుల ఉత్త ప్లైవుడ్ అర నెలల్లో ఊయలలా వంగుతుంది. నిలువు పట్టీ ఉన్న అర వంగదు.

రెండు. ఒక్కో చట్రం మీద ప్లైవుడ్ ముక్క పెట్టి 1 5/8 అంగుళాల స్క్రూలు పది చొప్పున బిగించండి. అంచులను గరుకు కాగితంతో రుద్దండి. పిల్లల వేళ్ళలో పేళ్ళు గుచ్చుకునేది ఆ అంచుల దగ్గరే. ఆరో ముక్క కింది అరలో అడ్డుగోడలకు పనికొస్తుంది.

మూడు. నాలుగు కాళ్ళనూ పక్కపక్కనే పరిచి, అన్నిటి మీదా ఒకేసారి గీతలు గీయండి. చట్రాల అడుగు అంచు రావాల్సిన చోట్లు, కింది నుంచి: 4, 21, 36, 51, 67 3/4 అంగుళాలు. ఇలా పెడితే కింది ఖాళీలో సుమారు 12 3/4 అంగుళాలు, మధ్య రెండింటిలో 10 3/4 చొప్పున, వాటి పైదానిలో 12 1/2 అంగుళాల ఎత్తు దొరుకుతుంది. చెప్పుల పెట్టె సైజు డబ్బాలు మధ్య అరల్లో వరుసకు ఐదు, ఒకదాని మీద ఒకటి రెండేసి పడతాయి. రెండు అరల్లో కలిపి ఇరవై డబ్బాలు.

నాలుగు. ఐదు చట్రాలనూ వెనుక పట్టీ నేలకు ఆనేలా వరుసగా నిలబెట్టండి. రెండు చివర్లలో కాళ్ళను ఆనించి, గీతలకు సరిచూసి, ఒక్కో మూలకు మూడు 2 1/2 అంగుళాల స్క్రూలు బిగించండి. రెండు స్క్రూలు అడ్డపట్టీ ముఖంలోకి, ఒకటి పొడుగు పట్టీ కొసలోకి. కర్ర కొసలోకి దిగిన స్క్రూ పట్టు తక్కువ, అందుకే ఎక్కువ స్క్రూలు అడ్డపట్టీలోకి. ఈ పనికి ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి.

ఐదు. కింది చట్రం అడుగున, కాళ్ళ లోపలి వైపు 4 అంగుళాల దిమ్మలను మిగిలిన 2 1/2 అంగుళాల స్క్రూలతో బిగించండి. అప్పుడు బరువైన అర స్క్రూల మీద వేలాడకుండా నేరుగా నేల మీద నిలుస్తుంది.

రంగు వేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నీటితో చేసిన వార్నిష్ రెండు పూతలు వేస్తే తుడవడం సులువు. నువ్వెవరి ఇంట్లోనో చూసి లిన్సీడ్ నూనె వాడాలనుకుంటే ఒక జాగ్రత్త: తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి పడేయకండి. ఆ నూనె ఆరుతూ తనంతట తానే వేడెక్కి, గుడ్డకు నిప్పంటించగలదు. బయట పరిచి పూర్తిగా ఆరనివ్వాలి.

గోడకు కట్టేయడం తప్పనిసరి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

చిన్న లెక్క చూడండి. ఖాళీ ర్యాక్ బరువు 150 పౌన్లు అనుకుందాం. లోతు సుమారు 16 అంగుళాలు, అంటే బరువంతా ముందు కాళ్ళకు 8 అంగుళాల వెనక ఉన్నట్టు. దాన్ని నిలబెట్టే బలం 150 × 8, అంటే 1200. ఇప్పుడు ఎవరైనా 60 అంగుళాల ఎత్తులో పట్టుకుని ముందుకు లాగితే, 1200ను 60తో భాగించండి. 20 పౌన్ల లాగుడు చాలు, ర్యాక్ ముందుకు ఒరగడం మొదలవుతుంది. అరలను నిచ్చెనలా ఎక్కే ఆరేళ్ళ పిల్లవాడికి 20 పౌన్లు లెక్కే కాదు. పైన బరువులు పెట్టి ఉంటే, ఒకసారి ఒరిగాక ఆపడం పెద్దవాళ్ళ వల్ల కూడా కాదు.

బట్టల సొరుగుల అల్మరాలు పిల్లల మీద పడి ప్రాణాలు పోయిన ఘటనల వల్లే అమెరికా కాంగ్రెస్ 2022లో స్టర్డీ చట్టం చేసింది. ఆ ప్రమాణం 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైన అల్మరాలకు వర్తిస్తుంది. మనం చేసుకునే ర్యాక్‌ను పరీక్షించే వాళ్ళు ఎవరూ లేరు. ఆ పని మనదే.

ఇళ్ళ గోడల్లో డ్రైవాల్ వెనక చెక్క స్టడ్‌లు సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి ఉంటాయి. స్టడ్ ఫైండర్ లేకపోతే చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరపండి. డ్రైవాల్‌ను బిగించిన స్క్రూల దగ్గర అది అంటుకుంటుంది, అక్కడే స్టడ్ ఉన్నట్టు. పై చట్రం వెనుక పట్టీలోంచి రెండు స్టడ్‌లలోకి, రెండో చట్రం నుంచి కూడా రెండు స్టడ్‌లలోకి 4 అంగుళాల స్క్రూలు దించండి. గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు వల్ల ర్యాక్‌కు, గోడకు మధ్య అర అంగుళం సందు వస్తుంది. స్క్రూ దించే చోట సందులో చెక్క ముక్క పెట్టాకే బిగించండి. ఉత్త డ్రైవాల్‌లో ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి సరిపెట్టుకోవద్దు.

ఆలయ భవనాల్లో గోడ లోపల ఇనుప స్టడ్‌లు ఉండవచ్చు. వాటిలో చెక్క స్క్రూ పట్టదు, వేరే రకం బోల్టులు కావాలి. భవన నిర్వహణ చూసే వాలంటీర్లను అడగకుండా గుడి గోడకు ఒక్క రంధ్రం కూడా పెట్టవద్దని మనవి.

గరాజ్ నేల తలుపు వైపు వాలుగా ఉంటుంది, నీళ్ళు బయటకు పోవడానికి. అందుకే ముందు లెవెల్ చూసి, కాళ్ళ కింద సన్నటి చీలికలు పెట్టి సరిచేయండి. పైగా మన నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది, దాంతో ఇళ్ళూ కొంచెం కదులుతాయి. ఏడాదికోసారి లెవెల్, స్క్రూల బిగువు చూసుకోండి.

ఏ అరలో ఏది

కింది అర: మట్టి, రంగుల బకెట్లు, కాగితాల పెట్టెలు. బరువు కింద ఉంటే ర్యాక్ నిలకడగా ఉంటుంది, నడుమూ క్షేమంగా ఉంటుంది.

రెండో అర: పిల్లలు తమంతట తాము తీసుకోవచ్చని మనం ఒప్పుకునేవి మాత్రమే. క్రేయాన్లు, రంగు కాగితాలు, మొద్దు కొన కత్తెరలు. పిల్లలకు కావలసింది చేతికందే ఎత్తులో ఉంటే, పైకి ఎక్కే అవసరమే రాదు. ర్యాక్ మీద చాక్లెట్లు, బొమ్మలు పైన పెట్టి ఊరించకండి.

మూడో అర: పెద్దవాళ్ళు తీసి ఇచ్చేవి. పూసలు, సూదులు, వాడి కత్తెరలు, వేడి జిగురు తుపాకీ, అద్దాలు.

నాలుగో అర: పండుగవారీ డబ్బాలు. ఒక్కో పండుగకు ఒక్కో డబ్బా. ఆ నెల రాగానే డబ్బా మొత్తంగా కిందికి దిగాలి, పండుగయ్యాక మొత్తంగా పైకి వెళ్ళాలి. ఇక్కడ డబ్బాలు కొంచెం పెద్దవైనా పడతాయి.

పై అర: గుడ్డపూల దండలు, తోరణాలు, థర్మోకోల్. పడినా దెబ్బ తగలనివి.

పొడుగైనవాటికి ర్యాక్ పక్కన రెండు కొక్కేలు చాలు. పాలవెల్లి గోడకు వేలాడితే విరగదు.

కర్పూరం, దీపారాధన నూనె, అగ్గిపెట్టెలు ఈ ర్యాక్ మీదికి రాకూడదు. కర్పూరం గది వేడికే ఆవిరైపోతూ ఉంటుంది, తేలికగా అంటుకుంటుంది. దానికి బిగుతు మూత డబ్బా, వేరే చోటు. పసుపు వెలుతురు తగిలితే వెలిసిపోతుంది కాబట్టి లోపలిది కనిపించని డబ్బాలో ఉంచండి.

కొలువు బొమ్మల సంగతి

చాలామంది అడిగేది ఇదే. బొమ్మలను ఈ ర్యాక్ మీదే పెట్టుకోవచ్చు, కానీ ర్యాక్ ఇంటి లోపల ఉంటేనే.

కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. అది బాగా తేలికైన, మెత్తటి చెక్క. చేతులు, తలలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకుకు తేమ, పురుగు రెండూ శత్రువులే. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు చెక్కవి. లేత్ మీద తిరుగుతున్న చెక్కకు లక్క కర్రను ఒత్తితే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. వేడికి మెత్తబడడం లక్క స్వభావం. ఆ గుణంతోనే తయారైన బొమ్మను టెక్సాస్ గరాజ్‌లో ఆగస్టు అంతా వదిలేస్తే, పైపూత చుట్టిన కాగితానికి అంటుకుపోవచ్చు. అమ్మమ్మ ఇచ్చిన బొమ్మకు ఇక్కడ మరమ్మతు చేసేవాళ్ళు దొరకరు.

ఒక్కో బొమ్మను ఉతికిన పాత నూలు గుడ్డలో, లేదా అచ్చులేని తెల్ల కాగితంలో చుట్టండి. వార్తాపత్రిక సిరా రంగు అంటుకుంటుంది. బుడగల ప్లాస్టిక్ నేరుగా తగిలితే వేడికి ఆ బుడగల అచ్చులు పూత మీద పడతాయి. మట్టి బొమ్మలను పడుకోబెట్టకుండా నిలబెట్టి సర్దండి, ఒక్కో డబ్బాలో ఒకే వరుస. తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. గదిలో పిల్లలు తిరుగుతారు కనుక కలరా ఉండలు వద్దు. కొలువు తీసేముందు ఫోటో తీసి డబ్బా మూత లోపల అతికిస్తే, వచ్చే ఏడు ఏ మెట్టు మీద ఏ బొమ్మ అన్న చర్చ ఉండదు.

ఇల్లు అలకగానే పండుగ కాదు

ర్యాక్ నిలబడితే సగం పనే అయినట్టు. మిగతా సగం చీటీలు.

ప్రతి డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలతో పేరు రాయండి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. తాతగారు మొదటిది చదువుతారు, మనవరాలు రెండోది చదువుతుంది. పోనుపోను మనవరాలు మొదటిది కూడా చదవడం మొదలుపెడుతుంది. అరలకు అంకెలు, డబ్బాలకు అక్షరాలు వేసి, ఒకే ఒక్క కాగితం మీద జాబితా రాసి ర్యాక్ పక్కన అతికించండి. ఫోన్‌లో ఉన్న జాబితా ఫోన్ ఉన్నవారికే, గోడ మీద ఉన్నది అందరికీ.

డబ్బాలో సామాను పావు వంతుకు వచ్చినప్పుడు చీటీని తిరగేయండి, వెనక వైపు ఎర్రగా ఉండాలి. దుకాణానికి వెళ్ళేవారు ఎర్ర చీటీలు చూసుకుని వెళితే చాలు. ఉన్నదే మళ్ళీ కొనడం అక్కడితో ఆగిపోతుంది.

జాబితా సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ ర్యాక్‌ను ఎప్పుడూ చూడని ఒకరిని పిలిచి, "కాస్త ఆకుపచ్చ ముగ్గు రంగు, పది ప్రమిదలు తెచ్చిపెట్టండి" అనండి. ఎవరినీ అడగకుండా రెండు నిమిషాల్లో తెచ్చారంటే ర్యాక్ పని పూర్తయినట్టు. వాళ్ళు మిమ్మల్ని ఏదైనా అడిగితే, ఆ జవాబు చీటీ మీద రాయాల్సిన మాట.

ఇలా చేస్తే సర్దిన ఆంటీ నిశ్చింతగా ఇండియా వెళ్ళి మనవల్ని చూసుకుని రాగలరు. కొత్తగా చేరిన కుటుంబం మొదటి పండుగ నుంచే పనిలో చేయి వేయగలదు. సేవ చేయాలని వచ్చినవారికి ఏది ఎక్కడుందో తెలియక పక్కన నిలబడాల్సి రావడం కన్నా ఇబ్బంది ఇంకొకటి లేదు.

ఇంట్లో ర్యాక్ చేసుకోవాలనుకునే సభ్యులు ముందు మీ గోడ వెడల్పు కొలుచుకోండి. ఈ ర్యాక్ మొత్తం వెడల్పు 50 3/4 అంగుళాలు, లోతు 15 7/8, ఎత్తు 72. చోటు తక్కువైతే పొడుగు పట్టీలను, ప్లైవుడ్‌ను సమానంగా తగ్గించుకుంటే చాలు, మిగతా కొలతలేవీ మారవు. అనుమానాలుంటే ఆదివారం ప్రసాదం వరుసలో నన్ను ఆపి అడగండి. టేపు నా కారులోనే ఉంటుంది.